ఏడడుగుల చాటున రెండో లగ్గం
(మెదక్ పట్టణంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



వకీలు సాబు పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ఆయన కుటుంబం, నిర్వాహకులు నన్ను పిలిచారు. ఆయన సేవల గురించి ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు గుర్తున్న సంగతి వేరు. ఆయన పుస్తకం అరువిస్తే, తిరిగి ఇచ్చేటప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి ప్రశ్న అడిగేవారు. జవాబు సరిగా రాకపోతే అదే పుస్తకం మళ్లీ చేతిలో పెట్టి పంపేవారు. ముల్లా రాసిన ‘హిందూ లా’ పుస్తకం నా దగ్గర అలా చాలా కాలం ఉండిపోయింది. రెండో పెళ్లి నేరమని తేలడానికి సప్తపది, అంటే ఏడడుగులు, రుజువు కావాలా అన్న విషయంలో మాత్రం ఆయనకూ నాకూ చివరిదాకా పొసగలేదు. ఆ తగవునే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మతం ఒప్పుకున్న బహుభార్యాత్వానికీ దేశ చట్టానికీ మధ్య పేచీ అనగానే మన చర్చలు ఒకే దారి పడతాయి. ముస్లిం వ్యక్తిగత చట్టం, 1951 నాటి నరసు అప్ప మాలీ తీర్పు, మతం మార్చుకుని రెండో పెళ్లి చేసుకున్నవారిపై 1995లో వచ్చిన సరళా ముద్గల్ తీర్పు, ఉమ్మడి పౌరస్మృతి. ఇవి మీకు తెలిసినవే, దాటేస్తాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు మరో భార్య ఉందన్న స్త్రీలు హిందువుల్లో 1.3 శాతం, ముస్లింలలో 1.9 శాతం. తేడా ఉంది. కానీ ఒక వర్గం ఒక పనిని అనుమతితోనూ, ఇంకో వర్గం అదే పనిని నిషేధం ఉండగానూ చేస్తున్నాయంటే, ఆ నిషేధం ఎక్కడ కారిపోతోందో చూడాలి కదా. నేను చూసేది అక్కడే.

చరిత్ర ఒక్క మాట. హిందువులకు రెండో పెళ్లిని నేరం చేస్తూ మద్రాసు రాష్ట్రం 1949లోనే చట్టం తెచ్చింది. తుంగభద్రకు ఆ ఒడ్డున కర్నూలులో నేరమైనది, ఈ ఒడ్డున అలంపురంలోనూ మన మెదక్‌లోనూ చెల్లుబాటే. నిజాం రాజ్యం పోయాక కూడా అంతే. హిందూ వివాహ చట్టం 30వ సెక్షన్ తాను రద్దు చేస్తున్న రాష్ట్రాల చట్టాలను వరసగా చెప్పింది. బొంబాయి ఉంది, మద్రాసు ఉంది, సౌరాష్ట్ర ఉంది, హైదరాబాదు లేదు. అంటే ఆ చట్టం అమల్లోకి వచ్చిన 1955 మే 18 దాకా ఇక్కడి పెద్ద భార్యకు ఈ విషయంలో చట్టం అండ లేదు.

ఆ తర్వాతైనా దొరికిందా? రెండో పెళ్లికి భారత శిక్షాస్మృతి 494వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 82. అయితే 1965లో భావురావు లోఖండే కేసులో సుప్రీంకోర్టు, రెండో పెళ్లి శాస్త్రోక్తంగా, సరైన కర్మకాండతో జరిగితేనే నేరమంది. 1979లో మన తెలుగు నేల మీది కేసే, లింగారి ఓబులమ్మ కేసు, పైదాకా వెళ్లింది. హోమమూ సప్తపదీ రుజువు కాలేదు కాబట్టి భర్త విడుదలయ్యాడు. రెడ్లలో ఆ రెండూ చేసే ఆచారం లేదని భార్య తరఫున వాదించారు. ఆచారమైతే ప్రాచీనమని, నిశ్చితమని సాక్ష్యంతో చూపాలి, అది చూపలేదు అన్నారు న్యాయమూర్తులు.

నా పేచీ ఈ తీర్పుతో. వకీలు సాబు దాన్ని సమర్థించేవారు. మనిషిని జైలుకు పంపేటప్పుడు సందేహం ముద్దాయికే చెందాలి, రుజువు గట్టిగా ఉండాలి అనేవారు. రుజువు గట్టిగా ఉండాలనే నేనూ అంటాను. కానీ దేనికి రుజువు? చట్టం 7వ సెక్షన్ మొదటి భాగం, ఇరుపక్షాల్లో ఎవరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్లి పెళ్లే అంటుంది. రెండో భాగం, ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది అంటుంది. ఉంటే అన్నదాన్ని ఉండి తీరాలని చదివారు. ఇంకో సంగతి. మొదటి భార్య బతికుండగా చేసుకున్న పెళ్లి 11వ సెక్షన్ కింద ఎలాగూ చెల్లదు. చెల్లని పెళ్లికి శాస్త్రోక్తమైన లక్షణాలు వెతకడమెందుకు?

ఒక కోర్టులో నేను విన్న విచారణ చెబుతాను. సాక్షి పెద్ద భార్య తోడబుట్టినవాడు. పుస్తె కట్టిండు, తలంబ్రాలు పోసిండ్రు, నేను చూసిన అన్నాడు. హోమం చేశారా అని వకీలు అడిగాడు. "మా ఇండ్లల్ల హోమం ఉండది సార్." ఏడడుగులు? "అది గూడ ఉండది." అంతటితో కేసు పడిపోయింది. ఆ ముద్దాయి మొదటి లగ్గంలోనూ హోమం లేదు. దాన్ని ఎవరూ అడగలేదు. ఒకే ఆచారం ఆడమనిషిని భార్యను చేయడానికి సరిపోయింది, మగవాడిని ముద్దాయిని చేయడానికి సరిపోలేదు. తెలంగాణలో ఎన్నో కులాల లగ్గాలు జంగమయ్యలు, మాలదాసరులు జరిపించినవి. జీలకర్ర బెల్లం, పుస్తె మట్టెలు, ఐరేని కుండలు ఉన్న పెళ్లిని, అగ్నిహోత్రం లేదని పెళ్లే కాదనడం మాకు అవమానం.

మరో దక్షిణాది రాష్ట్రాన్ని చూడండి. ఆత్మగౌరవ వివాహాల కోసం తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7-ఏ సెక్షన్ చేర్చుకుంది. బంధుమిత్రుల ఎదుట తాళి కట్టినా, దండలు మార్చుకున్నా చాలు. ఆ సెక్షన్ ఆధారంగానే 2001లో నాగలింగం కేసులో, సప్తపది రుజువు కాలేదన్న వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మనకు ఆ సెక్షన్ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో ఈ నేరాన్ని పోలీసులు నేరుగా దర్యాప్తు చేసేలా సవరణ తెచ్చింది. 2011లో సుభాష్ బాబు కేసులో, మోసపోయిన రెండో స్త్రీ కూడా ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు అంది. రెండూ మేలైన అడుగులే. కానీ ఫిర్యాదు ఎవరిచ్చినా చివరికి హోమగుండం దగ్గరే ఆగుతోంది.

దీనికి జవాబు ఓబులమ్మ తీర్పులోనే ఉంది. ఆచారానికి సాక్ష్యం తెమ్మన్నారు, తెద్దాం. నేనిప్పుడు చేస్తున్న పని అదే. పాత మెదక్ జిల్లాలోని కులాల లగ్గం పద్ధతులను ఊళ్లవారీగా ఒక పుస్తకంగా రాయిస్తున్నాను: లగ్గం జరిపించేదెవరు, ఏ ఘట్టంతో పెళ్లి అయిపోయిందంటారు, హోమం ఉందా, ఏడడుగులు ఉన్నాయా, తాత ముత్తాతల నుంచి ఇలాగేనా. చెప్పిన పెద్దమనిషి పేరు, వయసు, సంతకం ఉంటాయి. ఆచారం ఎరిగినవారి అభిప్రాయాన్ని సాక్ష్య చట్టం అంగీకరిస్తుంది. రేపు ఒక పెద్ద భార్య వకీలు ఈ పుస్తకం తెరిచి, ఇందులో సంతకం చేసిన పెద్దను బోనెక్కించగలగాలి.

నర్సాపూర్, అల్లాదుర్గం వైపు ఊళ్ల వివరాలు ఇంకా తక్కువగా ఉన్నాయి. కుమ్మరి, గొల్ల, మాదిగ ఇండ్లలో లగ్గాలు జరిపించిన వృద్ధులు మీకు తెలిస్తే, సభ ముగిశాక బయట బల్ల దగ్గర నాకు చెప్పండి. నేనే వాళ్ల ఇంటికి వస్తాను.