పోటీదారుని అంగడిని చదువుట
(ఆన్‌లైనులో చేనేత వస్త్రముల నమ్ము చిన్న సంఘములవారికి ఒక గ్రంథాలయమున చేసిన ఉపన్యాసము)



మీరు నన్ను పిలిచినది చట్టము చెప్పుమని. మన చీరల పేరు పెట్టి మరమగ్గపు అచ్చుగుడ్డను ఫోనులలో అమ్ముచున్నారు, వారికి నోటీసు వ్రాయుడని మీలో పలువురు కోరితిరి. నోటీసు వ్రాయుట నా వృత్తి, కాదనను. అయినను ముందుగా నా తప్పొకటి ఒప్పుకొని పిదప చట్టమునకు వచ్చెదను.

కొన్ని యేండ్ల క్రిందట ఒక చిన్న నేతసంఘమువారు ఇట్టి మొఱతోనే నాయొద్దకు వచ్చిరి. ఆన్‌లైనులో అంగడి తెఱచిరి. పండుగ బేరము పడిపోయినది. ఎవ్వడో దొంగసరకు అమ్ముచున్నాడనిరి. నేను ఆ ప్రత్యర్థి పుటనైన చూడక, వారి మాటమీద నోటీసు పంపితిని. వచ్చిన జవాబు నాకు తలవంపులు తెచ్చినది. అతడు అమ్మునది నిజమైన చేతినేతయే. ఆ ప్రాంతపు మగ్గములయొద్ద కొన్నదే. అతని పుటలో చీర పొడవెంత, రవికెగుడ్డ కలదా, తొలి ఉతుకున రంగు దిగునా, ఎన్నాళ్లకు చేరును, నచ్చనిచో మరల పుచ్చుకొందురా అను సంగతులన్నియు వ్రాసియున్నవి. మా సంఘపు పుటలోనో, ఒక దేవుని పటమును, “శ్రేష్ఠమైన సరకు” అను మాటయు మాత్రమే! నాకిచ్చిన ఫీజుతో అతని చీర నొకటి కొనియుండినచో వారమురోజులలో అసలు సంగతి తెలిసియుండెడిది.

పోటీదారుని చదువుట అల్పుల పని యని మనలో కొందరికి భావము. మనలను చదివినవారు అట్లు తలపలేదు. 1866లో లండనునందలి ఇండియా మ్యూజియము అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ ఏమి చేసెనో వినుడు. మన దేశపు వస్త్రములనుండి కత్తిరించిన 700 నిజమైన గుడ్డముక్కలను 18 సంపుటములుగా కూర్పించెను. అట్టివి 20 ప్రతులు తయారుచేయించి, 13 బ్రిటనులో ఉంచి, 7 ఇచ్చటికి పంపిరి. తలపాగ పొడవెంత, ధోవతి వెడల్పెంత, చీరకు అంచెచ్చట నుండవలెను అని కొలబద్దతో చదివిరి. సన్నని మేలిరకములు చేతిమగ్గమునకే చెల్లునని, చవుకయైన సాదాగుడ్డయే తమ మిల్లులకు లాభకరమని గ్రహించిరి. ఆ గ్రంథములను తలంచినపుడు కోపము వచ్చుట న్యాయమే. కాని ఆ పద్ధతి మనకెందుకు రాలేదని కూడ అడుగుకొనవలెను.

నేడు అందుకు దొరతనపు ధనాగారము అక్కఱలేదు, చేతిలోని ఫోను చాలును. పోటీదారుని పుటలో పొగడ్తలు విడిచి, ఒక్క నక్షత్రము మాత్రమే ఇచ్చినవారి ఫిర్యాదులు మొదట చదువుడు. “ఫోటోలోని రంగు వేఱు, వచ్చిన రంగు వేఱు”, “రవికెగుడ్డ లేదు”, “ఉత్తరమునకు బదులు లేదు.” కొనువారికి ఏది బాధయో వారే చెప్పుచున్నారు, అదియే మీరు తీర్చవలసిన లోటు. ధరను ఒక్కనాడు చూచి బెదరకుడు. పండుగనాటి తగ్గింపు ధర కాదు. పంపుకూలితో కలిపి చేతికి వచ్చువఱకు ఎంతయగునో కొన్ని వారములు పుస్తకమున వ్రాసికొనుడు. మరమగ్గముతో ధరలో పందెము వేసితిరా, ఆ నష్టము నేతగాని కూలినుండియే పోవును. ఈ మాట మన సంఘముల కార్యదర్శులు గోడమీద వ్రాసికొన్నను తప్పులేదు.

తరువాత ఆ సరకును మీ సొంత పేరుతో, డబ్బిచ్చి, కొనుడు. పోచంపల్లి రకమును తీసికొందము. నేయుటకు ముందే నూలునకు కట్లు కట్టి రంగులో ముంచుదురు గనుక బొమ్మ గుడ్డకు రెండువైపుల ఒక్కతీరుగా నుండును. అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చువేసినదో, వెనుకవైపు సాధారణముగ వెలవెలబోవును. పోగు నొకటి లాగి కాల్చుడు: ప్రత్తియైనచో కాగితము కాలిన వాసనతో మెత్తని బూడిదయగును, పాలిస్టరైనచో కరగి గట్టిపూసయగును. ఇది తెలిసికొని ఊరకుండక, మీ చీర వెనుకవైపు ఫోటోను మీ పుటలో పెట్టుడు. మనలో ఎందరు పెట్టినారు?

ఇక చట్టము. భౌగోళిక గుర్తింపుల చట్టము 1999లో వచ్చి 2003లో అమలైనది. తొలుత నమోదైన వానిలో పోచంపల్లి ఇకత్ ఒకటి. ఊరి పేరు నమోదైనంత మాత్రమున చాలదు. నేయువారు అధికృత వినియోగదారులుగ తమ పేర్లు వ్రాయించుకొన్నచో దావా వేయు హక్కు వారికే నేరుగ కలుగును. ఈ గదిలో ఆ పని చేసినవారు చేతులెత్తుడు. ... చూచితిని.

మనకును హద్దులున్నవి. ప్రత్యర్థి ఫోటోలు ఎత్తికొని పెట్టుట కాపీరైటు నేరము. కొనినవానివలె వేషము వేసి అభిప్రాయములు వ్రాయుట 2020 నాటి ఇ-కామర్సు నియమములకు విరుద్ధము. అది మనలను మనమే పొగడుకొన్నను విరుద్ధమే. రంగు కలుపు రహస్యమునకై అతని పనివానికి డబ్బాశ చూపుట నేను ఒప్పను. అట్టివారి వకాల్తా పుచ్చుకొనను.

నిజముగ మోసమే యని తేలినచో ఆ పుట చిత్రమును తేదీతో, బిల్లును, గుడ్డను నాకు తెండు. ఆ రాత్రియే నోటీసు వ్రాసెదను. మీరు ఫిర్యాదు చేసిన అంగడినుండి గత వారము నేనొక చీర తెప్పించితిని. ఇంకను మూట విప్పలేదు, బల్లమీద నున్నది. కత్తెరయు అగ్గిపెట్టెయు తెచ్చితిని. దగ్గఱకు రండు, చూతము.