తొలిచూలు – వైద్యపరీక్షలు
బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో తొలికాన్పునకు కోడలిని పుట్టింటికి పంపు ఆచారము మంచిదే. కాని గర్భిణి ఎంత ఆరోగ్యవతి యైనను పరీక్షలు ఆ ప్రయాణమువరకు ఆగరాదు. 12 వారములలోపల పేరు నమోదు చేయించి, ప్రసవములోగా కనీసము 4 పర్యాయములు బరువు, రక్తపుపోటు, మూత్రము, రక్తము పరీక్ష చేయించుకొనవలెను. మన ఛత్తీస్‌గఢ్‌లో సికిల్‌సెల్ అను రక్తవ్యాధి విశేషముగా కనబడుచున్నందున, దానికి సంబంధించిన రక్తపరీక్షను దంపతులిరువురును చేయించుకొనుట అత్యావశ్యకమని నా దృఢాభిప్రాయము. తొలిచూలాండ్రయందు అధికముగా కనబడు రక్తపుపోటు ఏ బాధయు తెలియకుండనే పెరుగవచ్చును. తీవ్రమైన తలనొప్పి, మసకచూపు, ముఖపు వాపు తోచినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. పుట్టింటికి రైలెక్కునపుడు పరీక్షల కాగితములన్నియు తప్పక వెంట గొనిపొండు.