జాతరలో పిల్లలు జాగ్రత్త



మేడారం జాతర ఎవరికి తెలియదు? ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో రెండేళ్లకోసారి మాఘ మాసంలో జరుగుతుంది. సమ్మక్క, సారలమ్మ గద్దెల మీదికి వస్తారు. లక్షల మంది జనం. ఇసుక వేస్తే రాలదు.

ఒక తల్లి జాతరకు పోయింది అనుకోండి. చంకలో చంటిది. నెత్తి మీద మూట. చేతిలో బంగారం, అదే, బెల్లం. పక్కన ఐదేళ్ల బిడ్డ. "నా వెంటే రా" అంటుంది తల్లి. బిడ్డ సరే అంటుంది. కాని బుగ్గలు అమ్మేవాడు కనపడితే ఆగిపోతుంది. పిల్లంటే పిల్లే కదా! పైగా అంత చిన్న పిల్లకు జనంలో ముఖాలు కనపడవు. చీర కుచ్చిళ్లే కనపడతాయి. ఎర్ర చీర వెంట పోతుంది. తలెత్తి చూస్తే అమ్మ కాదు.

గద్దెల దగ్గర ఇంకో సంగతి. దండం పెట్టడానికి రెండు చేతులూ లేస్తాయి. బిడ్డ చెయ్యి అప్పుడే వదులుతుంది. జంపన్న వాగులో స్నానం చేసేటప్పుడూ అంతే. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడనట్టే. తండ్రి కూడా వచ్చాడు కదా! ఆమె మొక్కేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోవాలి. ఆయన మొక్కేటప్పుడు ఆమె.

నేర్పేది జాతరలో కాదు. ముందే, వారం వారం అంగడిలో నేర్పాలి. కొంగు చివర బిడ్డ చేతికి ఇవ్వాలి. అమ్మ నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి. ఆటలాగే ఉండాలి. అంగడి దాటేదాకా వదలకపోతే మెచ్చుకోవాలి. కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతుంది.

"అమ్మ కనపడకపోతే అక్కడే నిలబడు, ఉరకకు" అని కూడా చెప్పాలి. ఇద్దరూ తిరుగుతుంటే ఒకరికొకరు దొరకరు. "అమ్మా" అని అరిస్తే జాతరలో ఎంతమంది అమ్మలు! తల్లి పేరు పెట్టి అరవాలి. చాలామంది పిల్లలను "మీ అమ్మ పేరేంది?" అని అడిగితే "అమ్మ" అంటారు. ఇంట్లో అయితే నవ్వొస్తుంది.

కొందరు తల్లులు "అల్లరి చేస్తే పోలీసోనికి పట్టిస్తా" అని బెదిరిస్తారు. ఇది చాలా చెడ్డ అలవాటు. తప్పిపోయిన బిడ్డ పోలీసును చూసి దాక్కుంటుంది. మైకు దగ్గరికి తీసుకుపోయేది ఆ పోలీసే కదా! జాతరకు చేరగానే పోలీసును చూపించాలి. "వీళ్లకు చెప్పు, లేకపోతే పిల్లలున్న అమ్మకు చెప్పు" అనాలి.

ఇక చీటీ. బిడ్డ పేరు, తల్లి పేరు, ఊరు, మండలం, ఫోను నంబరు రాయాలి. ప్లాస్టిక్ కవరులో పెట్టి గౌను లోపలి వైపు కుట్టాలి. బయటికి కనపడొద్దు. ఎవరైనా పేరు చదివి పిలిస్తే, తెలిసినవాళ్లే అనుకొని బిడ్డ వెంట పోతుంది. ఇదివరకు ఈ చీటీ కోసం ఎవరినో బతిమాలాలి. ఇప్పుడు మీరే రాయగలరు.

బిడ్డ కనపడలేదా? వాగు దగ్గరైతే ముందు నీళ్ల వైపు చూడాలి. వెంటనే పోలీసుకు చెప్పాలి. ఏ రంగు గౌను వేశారో చెప్పాలి. 1098కి గాని, 112కి గాని ఫోను చేయవచ్చు. పైసలు పడవు.

బిడ్డ దొరకగానే కొందరు తల్లులకు కోపం వచ్చి చెయ్యి లేస్తుంది. కొట్టొద్దు. కదలకుండా నిలబడి అమ్మ పేరు చెప్పిన బిడ్డ చెప్పినట్టే చేసింది. నీళ్లు తాగించి ఎత్తుకోవాలి.