తాతల కాగితములు
(మాదాపూరు ప్రాంతపు పఠనమందిరమున నొసగిన ఉపన్యాసపాఠము)



మాదాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతముల పూర్వపు భూమికాగితములను గూర్చి నాలుగు మాటలు పలుకుమని మీరు నన్నాజ్ఞాపించితిరి. ఇది న్యాయవాదుల విషయమని కొందరు తలపవచ్చును. కాదు, ఇది ప్రతి గృహస్థుని విషయము. 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన పిదప, గుట్టలును మెట్టచేలును నిండియుండిన ఈ నేలపై గాజుమేడలు లేచినవి. ఎకరముల లెక్కన అమ్ముడుపోయిన నేల గజముల లెక్కకు వచ్చినది. తాత దున్నిన చేను ఎవరిదని మనుమడు నేడడుగుచున్నాడు. అడుగుట తప్పు గాదు. ఏ కాగితము ఏ ప్రశ్నకు బదులు చెప్పునో యెరుగక యడుగుటయే ప్రమాదము.

మొదట ఒక్క సంగతి మనసున నుంచుకొనుడు. పూర్వపు దఫ్తరములు యజమాని మేలు కోరి వ్రాయబడినవి కావు. శిస్తు వసూలుకై వ్రాయబడినవి. “ఈ నేల యెవరిది?” అని సర్కారు అడుగలేదు. “ఈ నేలకు పైకమెవరు చెల్లింతురు?” అని యడిగినది. ఆ రెండవ ప్రశ్నకు వచ్చిన బదులును మనము మొదటి ప్రశ్నకు బదులుగా చదువుచున్నాము. తగవులలో పెక్కింటికి మూల మిదియే.

గ్రామముల పేర్లనే చూడుడు. రెవెన్యూ దఫ్తరములో రాయదుర్గము ఒకటి గాదు: రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ పన్‌మక్తా, రాయదుర్గ్ నవ్‌ఖల్సా. పైగా యనగా నిజాము కొలువులోని ప్రభువుల జాగీరు. పన్‌మక్తా యనగా నిర్ణీతమగు పన్నుపై నొసగిన గ్రామము. నవ్‌ఖల్సా యనగా సర్కారు స్వాధీనములోనికి క్రొత్తగా వచ్చిన భాగము. నగరము చుట్టునున్న అత్రాఫెబల్దాలో నిజాము సొంత ఎస్టేటగు సర్ఫెఖాసు గ్రామములును విస్తారముగా నుండెను. ఊరిపేరు సగము వ్రాసి దరఖాస్తు పెట్టినవానికి పొరుగూరి కాగితము వచ్చుట వింతయా?

ఇక కాగితముల వరుస. నేటినుండి వెనుకకు నడువవలయును. 2025లో వచ్చిన భూభారతియు, దానికి ముందు 2020 అక్టోబరు 29న మొదలైన ధరణియు గొలుసులో కడపటి కొలికులు మాత్రమే. వానికి వెనుక 1971 చట్టపు పట్టాదారు పాసుపుస్తకములు. వానికి వెనుక ఏటేటి పహాణీలు. ఆవల 1955 మొదలు 1958 వరకు చేసాల పహాణీ. దానికి ముందు 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అనగా ఫసలీ 1364. ఫసలీకి 590 కలిపిన ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. ఇంకను వెనుకకు పోయిన సేత్వార్ గలదు. సర్వే జరిగిన పిమ్మట నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు చేర్చి వ్రాసిన మూలపత్ర మది.

ఇనాము, జాగీరు కుటుంబములవారు ముంతఖబును చూపుదురు. విచారణానంతరము సర్కారొసగిన పత్ర మది, గౌరవింపదగినదే. కాని జాగీరు సాధారణముగా శిస్తు ననుభవించు హక్కే గాని మట్టిపై హక్కు గాదు. 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు జరిగినది. ఇనాముల రద్దుకు 1955లో చట్టము వచ్చినది.

ఖాస్రా పహాణీని చేతబట్టినపుడు పట్టాదారు గడితో తృప్తినొందకుడు. సాగుచేయువాని గడినిగూడ చూడుడు. ఆ రెండు గడుల నడుమనే ఎందరో పేదల బ్రతుకు నిలిచియున్నది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారుని గుర్తించినది. దాని 38-ఇ సెక్షను వానికి యాజమాన్యపత్రమునకు దారి చూపినది. ఇంటిలో తాతపేర నట్టి పత్రమున్నదో లేదో చూడక, “మనము కౌలువారము మాత్రమే” యని లేచిపోయిన మనుమని అజ్ఞానమునకు వెల యెంత? అట్లే ఉమ్మడికుటుంబమున జ్యేష్ఠుని పేరొక్కటే పట్టాలో నుండును. తమ్ములు, విధవలు, కుమార్తెలు ఆ గడిలో కానరారు. కానరానంతమాత్రమున లేనివారు కారు. రెవెన్యూ నమోదు స్వామ్యమును సృజింపదు, హరింపదు అని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పియున్నది.

పెద్దయింటివారికిని ఈ కష్టము తప్పలేదు. మియాపూరు చెంతనున్న హైదర్‌నగరు 172వ సర్వే నంబరును చూడుడు. పైగా ప్రభువగు ఖుర్షీద్ జా వారసుల విభాగదావా 1958లో హైకోర్టుకు చేరినది. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ పుట్టినది. ఆ డిక్రీని పట్టుకొని నడచిన వ్యాజ్యములు 2023లో సుప్రీంకోర్టు తీర్పువరకు సాగినవి. విభాగదావాలోని డిక్రీ ఆ దావాలో లేని పరులను బంధింపదని న్యాయస్థానము తేల్చినది. ఉన్నదానిని పంచుకొనవచ్చును, పంపకమువలన లేనిది పుట్టదు.

కావున సోదరులారా, దళారి చెంతకు పోకముందు ఇంటిలోని వృద్ధుల చెంతకు పొండు. వంశవృక్షమును వ్రాయుడు, ఎవరెప్పుడు గతించిరో కనుగొనుడు. ఊరిపేరు పూర్తిగా, సర్వే నంబరు, ఎకరములు, గుంటలు వ్రాసికొనుడు. తాలూకా దఫ్తరములు చేతులు మారినవి: 1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలములు ఏర్పడినవి, వెదకవలసిన చోటు ఒకటి గాదు. ముద్రవేసిన నకళ్లను తెచ్చుకొనుడు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయమును మరువకుడు. ఉర్దూ, పారసీ పత్రములను ఒకరిచేత గాక, ఒకరినొకరెరుగని యిరువురిచేత చదివించుడు.

తుదకొక మాట. వెదకినపుడు మన నేల పరులదని తేలవచ్చును. పరుల నేల మన తాతలదని తేలవచ్చును. రెండింటికిని సిద్ధపడినవాడే కాగితము విప్పుటకర్హుడు. మనకు లాభించు పుటను చూపి, లాభింపని పుటను దాచినచో, అది పరిశోధన గాదు, దొంగతనమే. మన పిల్లలలో ఇరువురు ముగ్గురైనను ఆ పాతలిపిని నేర్చి, ఈ మందిరమున కూర్చుండి, అక్షరమెరుగని వృద్ధురాలి పెట్టెలోని పత్రమును రుసుము గొనక చదివిపెట్టిననాడు, ఈ పఠనమందిరము తన పేరును సార్థకము చేసికొనును.