నిసర్గశోభతో మంచము చేయుట
(వార్షిక సభయందు చేసిన ప్రసంగపాఠము)



మ్రాను కోసిన వెంటనే అంచు కొట్టివేసి, తెల్లచెక్క తీసివేసి, ముడి కనబడిన భాగమును పొయ్యిలోనికి పంపుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. అట్టి మనయొద్దకు గత కొలది సంవత్సరములుగా అంచు అట్లే యుంచుడు, ముడి అట్లే యుంచుడు అని కోరువారు వచ్చుచున్నారు. యంత్రశాలల పొట్టుపలకల మంచములు ఇంటింట చేరిన యీ దినములలో మన ఉలికి మిగిలిన పని యిదియే కావచ్చును. కావున మేము చేసిన యొక తప్పును దాచక మనవి చేయుచున్నాము.

ఒక గృహస్థు కుమార్తె వివాహమునకై 2 అంగుళముల మందము, 2 అడుగుల వెడల్పు గల నిద్రగన్నేరు పలకను తెచ్చి, తలవైపునకు దీనినే యమర్పుడనెను. (పేరులోనే నిద్రగల మ్రాను మంచమునకు తగియే యున్నదని మేమును నవ్వితిమి.) నడుమ కపిలవర్ణపు చేవ, అంచున లేత పసుపు, ఒకచోట సుడివంటి ముడి. కోళ్లు, పట్టెలు టేకుతో చేసితిమి. పలక కోసి ఎనిమిది మాసములే యైనది. అంగుళమునకు ఏడాది యారవలెనని యెఱిగియు, ముహూర్తము సమీపించినదని తొందరపడితిమి. పలక రెండు కొనలను కోళ్లకు పైనుండి క్రిందివఱకు మేకులతో బిగించితిమి.

వేసవిలో ముడినుండి జానెడు పొడవున పలక పగిలెను.

కారణము తేటయే. కఱ్ఱ పొడవున కుదియుట లెక్కకు రాదు, వెడల్పున కుదియును. టేకు వంటి నెమ్మదిగల కఱ్ఱయే పచ్చినుండి పూర్తిగా ఎండువఱకు వలయముల వెంబడి నూటికి సుమారు 5 పాళ్లు తగ్గును. నిలువుకోడు కదలదు, అడ్డుపలక కుదియును. నడుమ మేకు విడువదు. ఇక పగులక యేమి చేయును?

పలకను తెచ్చి మరియొక వేసవి యారబెట్టితిమి. బెరడును మొద్దు ఉలితో ఒలిచితిమి. దాని క్రిందనే పురుగు చేరును, పిదప తానే రాలును. బెరడు పోయినను అంచు వంపు చెడలేదు. పగులునకు అడ్డముగా, నడుము సన్నమైన జిట్రేగి బందులను రెండింటిని పొదిగితిమి. ఈసారి నడిమి కుసిని మాత్రమే బిగించి, పైని క్రిందిని బెజ్జములను పొడవుగా తొలిచితిమి.

ఇట్టి బందులను దాచక చూపుటకు పేరుపొందిన జార్జి నకషిమా 1942లో అమెరికా నిర్బంధశిబిరమున ఒక జపాను వడ్రంగియొద్ద పని నేర్చెను. అంతకుముందు పుదుచ్చేరిలో గోల్కొండ యను వసతిగృహ నిర్మాణమును చూచెను. నిజాము ప్రభుత్వపు ద్రవ్యసహాయముచేతనే దానికి మన గోల్కొండ పేరు వచ్చినది.

రెండవమారు చేసిన పనికి మేము కూలి యడుగలేదు. పగులు కనబడకుండ లక్క నింపవచ్చునని చెప్పినను గృహస్థు వలదనెను. తెల్లచెక్కకు పురుగు పట్టకుండ మేము వెలిగారపు నీరు పూయుచున్నాము. ఇంతకన్న మేలైన యుపాయ మెఱిగిన పెద్దలు భోజనానంతరము మాకు తెలుప ప్రార్థన.