క్రికెట్టు గీత - శిక్షకుల అపోహలు

ఆట నేర్చుకొను బాలునకు నియమావళి యనగా గురువు నోటి మాటయే. కనుక నేర్పువాని మాటలో చిన్న పొరపాటున్నను, అది పదకొండుగురు పిల్లలతో కూడ మైదానమున ప్రవేశించును. క్రికెట్టు శిక్షకులలో తరచుగా వినవచ్చు అపోహలను మూడింటిని మనము నేడు పరిశీలింతము. మూడును వికెట్ల ముందు సున్నముతో గీసిన పాపింగ్ క్రీజు అను గీతను గూర్చినవే.

"బ్యాటు గీతకు తగిలిన చాలును" అనునది మొదటిది. నియమము ప్రకారము క్రీజు అనగా సున్నపు పట్టీ కాదు. ఆ పట్టీకి వికెట్ల వైపునున్న అంచు. బ్యాటుగాని శరీరమున కొంత భాగముగాని ఆ అంచునకు లోపల నేలను తాకవలెను. పట్టీమీదనే బ్యాటు నిలిపినవాడు ఇంకను బయటివాడే. అయితే 2017 నాటి నియమావళి ఒక సడలింపు నిచ్చినది. పరుగెత్తుచునో దూకుచునో వచ్చినవాడు లోపల ఒకసారి నేలను తాకి, అదే వేగమున ముందునకు సాగుచుండగా బ్యాటు పైకెగిరినను, ఆ కారణమున ఔటు కాడు.

రెండవది బంతి వేయువానికి సంబంధించినది. ముందటి పాదపు మడమ లోపల నేలను తాకకున్న నోబాలని కొందరు బోధింతురు. ఇదియు సరికాదు. పాదము దిగునప్పుడు దానిలో కొంత భాగము ఆ అంచునకు వెనుక నున్న చాలును. అది నేలపైనున్నను, గాలిలోనున్నను దోషము లేదు. గీత ఒక్కటియే అయినను, బ్యాటు నేలను తాకవలెను, మడమ తాకనక్కరలేదు. ఈ భేదమును విడమరచి చెప్పనిచో పిల్లలు తికమక పడుదురు.

మూడవది మిక్కిలి తగవులకు మూలమైనది. బంతి వేయకమునుపే గీత దాటిన అవతలి బ్యాట్స్‌మన్‌ను బౌలరు రనౌటు చేయుటకు ముందుగా హెచ్చరింపవలెనని పలువురి నమ్మకము. 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టునందు మన వినూ మన్కడ్ ఆస్ట్రేలియా ఆటగాడు బిల్ బ్రౌన్‌ను ఇట్లే ఔటు చేసెను. అదే యాత్రలో అంతకుముందొక పోటీలో మన్కడ్ ఆతనిని హెచ్చరించియే ఔటు చేసియుండెను. ఆ హెచ్చరిక మర్యాదయే గాని నియమము కాదు. 2022 అక్టోబరులో మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బువారు ఈ విషయమును అనుచిత క్రీడను గూర్చిన ప్రకరణమునుండి తీసి, రనౌటు ప్రకరణమున చేర్చిరి. కనుక బౌలరు చేతినుండి బంతి వెలువడుట చూచిన పిదపనే కదలుమని పిల్లలకు నేర్పుట క్షేమము.

ఇవి చిన్న విషయములని కొందరనవచ్చును. గురువు చెప్పినట్లు పట్టీమీద బ్యాటానించి నిలిచిన బాలుడు, అంపైరు వ్రేలెత్తగానే తనకు అన్యాయము జరిగినదని తలచును. అంపైరుపై కోపగించును; అది వాని మనసున చాలకాలము నిలుచును. నిజమునకు అంపైరు చేసిన తప్పేమియు లేదు.

నియమములు మొత్తము నలువది రెండు. వానిలో గీతను గూర్చి తెలిసికొనుటకు 7, 21, 30, 38 సంఖ్యలు గలవానిని చదివిన చాలును. ఆటల కాలము ఆరంభమగుటకు ముందు ఒక సాయంకాలము గురుశిష్యులు కలిసి కూర్చుండి వానిని చదువుకొనుట మంచిదని మా మనవి.