పెథాలజీ చదువు ఎందుకు కోరుకున్నాను?



"రష్యాలో ఆరేండ్లు చదివి వచ్చావు. రోగులను చూసుకోక, మళ్ళీ మూడేండ్లు పెథాలజీ అంటావేమి?" అని చాలామంది అడిగారు. నాడి పట్టని డాక్టరు కూడా ఒక డాక్టరేనా అని మా మేనత్త వాపోయింది. వారందరికీ చెప్పదలచిన జవాబునే మీ ముందుంచుతున్నాను.

విదేశంలో వైద్యం చదివినవారు మన దేశంలో ప్రాక్టీసు పెట్టాలంటే స్క్రీనింగ్ పరీక్ష నెగ్గాలనే నియమం 2002లో వచ్చింది. 300 మార్కులకు 150 రావాలి. ఆపైన ఇక్కడి ఇంటర్న్‌షిప్. ఎం.డి. సీటుకు నీట్ పి.జి. వేరుగా ఉంది. ఆ చదువు కోసం అమీర్‌పేటలో, కంప్యూటరు కోర్సుల బోర్డుల నడుమ, ఒక హాస్టలు గదిలో నలుగురం సర్దుకున్నాము. మా ఊరివారు పంజగుట్టలోని నిమ్స్‌కు వస్తే తోడు వెళ్ళడం నా వంతు.

అలా వచ్చినవారిలో ఒక తల్లి ఉన్నది. రొమ్ములో గడ్డ. జిల్లాలో ఒకచోట ముక్క తీసి, ఫార్మలిన్‌కు బదులు సెలైన్‌లో వేసి ఇచ్చారు. దారిలోనే అది చెడిపోయింది. మళ్ళీ కోయవలసి వచ్చింది. ఆమె నన్ను అడిగినది ఒక్కటే: "అది ఏ గడ్డో చెప్పేవాళ్ళు మన దిక్కున లేరా, నాయనా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కత్తి పట్టే చేయి, మందు రాసే చేయి సిద్ధంగానే ఉన్నాయి. జబ్బు పేరు తేలనిదే ఆ రెండూ కదలవు.

ఆ పేరు తేల్చే పని ఇట్లా సాగుతుంది. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో నిలువ చేస్తారు. మైనపు దిమ్మలో బిగించి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోస్తారు. రంగులద్దితే కణకేంద్రం నీలంగా, చుట్టుభాగం గులాబీగా కనబడుతుంది. కణాల వరుస చెదిరిందా, హద్దు దాటిందా అన్నది చూసి పెథాలజిస్టు సంతకం చేస్తాడు. రొమ్ము క్యాన్సరుకు హార్మోను మందు పనిచేస్తుందా అన్నది కూడా ఆ ముక్క మీద చేసే పరీక్షే చెబుతుంది. రోగి ఆయన ముఖం చూడకపోవచ్చును గాని, ఆమె చికిత్స ఆ సంతకం మీదనే నడుస్తుంది.

సూక్ష్మదర్శిని మన పేటలకు కొత్తది కాదు. పొరుగున బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అది రోగికి మందు ఇచ్చే పని కాదు. అయినా ఆ చూపు వలన మేలు పొందినవారిని లెక్కించగలమా?

మీకొక మనవి. శరీరంలోనుంచి ముక్క తీసినప్పుడు దేనిలో వేశారో అడగండి. రిపోర్టుతో సరిపెట్టుకోక, మైనపు దిమ్మను, స్లైడులను కూడా భద్రపరచమనండి. మరొక డాక్టరు అభిప్రాయం కావలసివస్తే అవే ఆధారం, మళ్ళీ కోయనక్కరలేదు.

నేను కోరేది పట్నంలో పెద్ద లాబొరేటరీ కాదు. చదువు ముగించి, జిల్లా కేంద్రంలో ఒక సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలి. ఏ గడ్డో చెప్పేవాడు ఆ దిక్కున ఒకడున్నాడని అనిపించుకుంటే చాలును.